గ్రాఫు పైకి పోతే లీకేనా? నిరంతరం నడిచే సర్వర్లలో మెమరీ లీకుల నిర్ధారణ

సంక్షిప్తంగా: సర్వర్ ప్రాసెస్ వాడుతున్న మెమరీ పెరుగుతూ పోయినంత మాత్రాన అది లీక్, అంటే పని తీరిన మెమరీ విడుదల కాకుండా ఉండిపోవడం, అని తేలిపోదు. ఆ పెరుగుదల ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కల్లో మాత్రమే కనిపిస్తున్నదా, ప్రోగ్రాంకు మెమరీ పంచిపెట్టే అలోకేటర్ దగ్గర పేరుకుపోతున్నదా, ప్రోగ్రాం తన ఆబ్జెక్టులను ఉంచుకునే హీప్‌లోనే జరుగుతున్నదా అన్నది ముందుగా నిర్ధారించుకోవాలి. లీకుల వేటలో వృథా అయ్యే సమయంలో ఎక్కువ భాగం తప్పు పొరలో వెతకడం వల్లనే పోతుంది. పొర తేలాక, ఒకే పనిభారం కింద వేర్వేరు సమయాల్లో తీసిన కొలతలను పోల్చి, పెరుగుతున్న ఆబ్జెక్టులను ఎవరు పట్టుకుని ఉన్నారో, ఎందుకు వదలడం లేదో కనుక్కోవాలి.

ఆలస్యంగా బయటపడటానికి కారణం

కొన్ని క్షణాల్లో పని ముగించుకుని ఆగిపోయే ప్రోగ్రాంకు మెమరీ లీక్ పెద్ద సమస్య కాదు. ప్రాసెస్ ముగిసిన వెంటనే అది వాడిన పేజీలు అనే మెమరీ ముక్కలన్నింటినీ ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి తీసుకుంటుంది. అందుకే కొన్ని కంపైలర్లు, కమాండ్ లైన్ ఉపకరణాలు వేగం కోసం మెమరీని విడుదల చేసే పనినే పెట్టుకోవు. వారాల తరబడి ఆగకుండా నడవాల్సిన వెబ్ సర్వర్, డేటాబేస్, మెసేజ్ బ్రోకర్ వంటి వాటికి ఆ వెసులుబాటు లేదు.

సెకనుకు 500 రిక్వెస్టులు అందుకునే ఒక సర్వర్‌లో ఒక్కో రిక్వెస్ట్ వెనక 200 బైట్లు విడుదల కాకుండా మిగిలిపోతున్నాయనుకుంటే, సెకనుకు లక్ష బైట్లు, రోజుకు 864 కోట్ల బైట్లు, అంటే దాదాపు 8 గిగాబైట్లు పోగుపడతాయి. అదే ప్రోగ్రాంను విడుదలకు ముందు సెకనుకు 10 రిక్వెస్టుల చొప్పున అరగంట పాటు పరీక్షించి ఉంటే, మిగిలిపోయేది 36 లక్షల బైట్లు మాత్రమే. సుమారు మూడున్నర మెగాబైట్ల ఆ తేడా సాధారణ ఒడుదొడుకుల్లో కలిసిపోతుంది, ఎవరి కంటా పడదు. పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రాం అసలు పనిలోకి దిగాక ఒకటి రెండు రోజుల్లో కుప్పకూలడానికి కారణం పరీక్షకులు అజాగ్రత్తగా ఉండటం కాదు, ఈ పరిమాణాల మధ్య ఉన్న అంతరమే.

తరచూ కొత్త వెర్షన్లు విడుదల చేసే పద్ధతి కూడా లీకులను దాచిపెడుతుంది. ప్రతి విడుదలతోనూ ప్రాసెస్ మళ్లీ మొదలవుతుంది కాబట్టి, వారానికి రెండు సార్లు కొత్త వెర్షన్ వెళ్లే చోట పది రోజులకు గాని బయటపడని లీక్ ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోవచ్చు. సెలవుల కోసం విడుదలలు ఆపేసిన రోజుల్లోనే, అందుబాటులో మనుషులు తక్కువగా ఉన్న సమయంలోనే అది బయటికి వస్తుంది. అప్పుడు అందరూ చివరి మార్పును అనుమానిస్తారు గాని, అసలు తప్పు చాలా పాతదై ఉంటుంది.

ఒకే పేరుతో మూడు వేర్వేరు లోపాలు

మెమరీ లీక్ అన్న మాటను మూడు రకాల పరిస్థితులకు వాడుతున్నారు. మూడింటికీ గ్రాఫు ఒకేలా ఉంటుంది, నిర్ధారణ మార్గాలు మాత్రం వేరు.

మొదటిది సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషల్లో కనిపించే అసలైన లీక్. కేటాయించిన మెమరీకి దారి చూపే చివరి పాయింటర్ కూడా పోయింది, ఫ్రీ చేయడం మాత్రం జరగలేదు. ఫంక్షన్ మధ్యలో పొరపాటు ఎదురై ముందుగానే రిటర్న్ అయ్యే దారిలో విడుదల చేసే కోడ్ వరుస తప్పిపోవడం దీనికి అతి సాధారణమైన కారణం.

రెండోది, వాడకంలో లేని మెమరీని తనంతట తానే విడుదల చేసే గార్బేజ్ కలెక్టర్ ఉన్న భాషల్లో ఎక్కువగా కనిపించేది. జావా, గో, పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో చేరుకోలేని ఆబ్జెక్టును కలెక్టర్ ఎలాగూ తీసేస్తుంది. కాబట్టి అక్కడ లీక్ అంటే, ప్రోగ్రాంకు ఇక అవసరం లేకపోయినా ఏదో ఒక రిఫరెన్స్ వల్ల ఇంకా చేరుకోగలిగే స్థితిలో ఉండిపోయిన ఆబ్జెక్టు. కలెక్టర్‌కు చేరుకోగలగడం తప్ప అవసరం అన్నది తెలియదు. పరిమితి లేని క్యాష్‌లు, ఏదైనా జరిగినప్పుడు పిలవమని నమోదు చేసి తొలగించని లిజనర్లు, థ్రెడ్ పూల్‌లోని థ్రెడ్లకు విడివిడిగా అంటుకుపోయిన థ్రెడ్‌లోకల్ విలువలు ఇందుకు పేరుపడ్డ నిదర్శనాలు. పెద్ద సమాచారంలో చిన్న ముక్కను పట్టుకోవడం వల్ల మొత్తం నిలిచిపోవడం కూడా ఈ కోవలోనిదే. గో భాషలో ఒక మెగాబైట్ శ్రేణి నుంచి పది బైట్ల స్లైస్ తీసి దాచుకుంటే, ఆ పది బైట్ల కోసం మెగాబైట్ మొత్తం మెమరీలోనే ఉంటుంది. జావాలోనూ 2012లో వచ్చిన ఏడో వెర్షన్ ఆరో అప్‌డేట్ వరకు సబ్‌స్ట్రింగ్ ఇదే తీరున మూల స్ట్రింగ్‌ను పట్టుకుని ఉండేది.

మూడోది కచ్చితంగా చూస్తే లీక్ కాదు. పని వచ్చే వేగం పని ముగిసే వేగం కన్నా ఎక్కువైతే మధ్యలోని క్యూ పెరుగుతూ పోతుంది. క్యూలోని ప్రతి అంశమూ అవసరమైనదే, ఎప్పటికైనా విడుదలయ్యేదే. అయినా మెమరీ నిండడం ఆగదు. దీన్ని లీక్‌గా భావించి ఎక్కడో తప్పిపోయిన ఫ్రీ కోసం వెతికితే ఎన్నాళ్లకూ దొరకదు. క్యూకు గరిష్ఠ పొడవు పెట్టి, అది నిండినప్పుడు కొత్త పనిని తిరస్కరించడమే దీనికి పరిష్కారం.

లోపాలను పట్టి ఇవ్వాల్సిన పనిముట్ల పరిధి కూడా ఈ తేడాను బట్టే ఉంటుంది. లీక్‌శానిటైజర్ వంటివి ఏ పాయింటర్ కూడా చేరుకోలేని బ్లాకులను వెతుకుతాయి. కాబట్టి మొదటి రకాన్ని పట్టుకుంటాయి. సీ ప్లస్ ప్లస్‌లోనే రాసిన సర్వర్ అయినా, ఒక గ్లోబల్ మ్యాప్‌లో పాత సెషన్లు పేరుకుపోతుంటే అవన్నీ చేరుకోగలిగేవే కాబట్టి ఆ పనిముట్టు ఏమీ లేదని చెబుతుంది. ఆ జవాబు నిజమే గాని, దాన్ని విని లీక్ లేదని తేల్చుకోవడం పొరపాటు.

2012లో అమెజాన్ క్లౌడ్ సేవల అంతరాయం

లీక్ ఎప్పుడు మేల్కొంటుంది, ఎందుకు కనబడదు అన్న రెండు ప్రశ్నలకూ 2012 అక్టోబర్ 22న అమెజాన్ వెబ్ సర్వీసెస్ తూర్పు అమెరికా రీజియన్‌లో జరిగిన అంతరాయం చక్కని సమాధానం ఇస్తుంది. సంస్థ తర్వాత ప్రకటించిన వివరణ ప్రకారం, స్టోరేజ్ సర్వర్ల నుంచి గణాంకాలు సేకరించే ఒక సర్వర్ హార్డ్‌వేర్ దెబ్బతినడంతో దాన్ని మార్చారు. కొత్త చిరునామాను, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌లో నమోదు చేశారు గాని, ఆ మార్పు అంతర్గత డీఎన్‌ఎస్ సర్వర్లన్నింటికీ చేరలేదు. దాంతో కొన్ని స్టోరేజ్ సర్వర్లలోని రిపోర్టింగ్ ఏజెంట్ అనే ప్రోగ్రాం, ఇక లేని ఆ పాత సర్వర్‌ను సంప్రదించడానికి ప్రయత్నిస్తూనే ఉంది. విఫలమైన ఆ ప్రయత్నాల దారిలో అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న ఒక మెమరీ లీక్ బయటికొచ్చి, కొద్దికొద్దిగా మెమరీని తినేసింది. చివరికి స్టోరేజ్ సర్వర్లు వినియోగదారుల అభ్యర్థనలను అందుకోలేని స్థితికి చేరాయి.

ఇందులో గమనించాల్సిన సంగతులు రెండు. గణాంకాల సేకరణ అన్నది ప్రధాన సేవ కాదు, కొంత సమాచారం రాకపోయినా తట్టుకునేలా దాన్ని రూపొందించారు. అందువల్లనే అది ఆగినప్పుడు ఏ హెచ్చరికా మోగలేదు. ఇక రెండోది, ఆ స్టోరేజ్ సర్వర్లు ఉన్న మెమరీని అంతా ఎప్పటికప్పుడు వాడుకునే తీరులో పనిచేస్తాయి కాబట్టి, మొత్తం వినియోగం మీద హెచ్చరిక పెట్టడం కష్టమైంది. ప్రతి ప్రాసెస్ వాడకాన్ని విడిగా చూసి ఉంటే ఏజెంట్ పెరుగుదల కనిపించేది.

పొరపాట్లను నిర్వహించే కోడ్‌కు పరీక్షలు తక్కువగా ఉంటాయి, అది నడిచే సందర్భాలూ అరుదుగానే వస్తాయి. లీకుల్లో గణనీయమైన భాగం అక్కడే దాగి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఏ అంకెను చూడాలి

ఒక ప్రాసెస్ వాడే మెమరీకి ఒకే అంకె అంటూ ఉండదు. వర్చువల్ మెమరీ పరిమాణం అది తనకోసం కేటాయించుకున్న చిరునామాల విస్తీర్ణాన్ని మాత్రమే చెబుతుంది, వాటి వెనక నిజమైన మెమరీ ఉండాలన్న నియమం లేదు. లినక్స్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అనే అంకె ప్రస్తుతం భౌతిక మెమరీలో ఉన్న పేజీలను లెక్కిస్తుంది గాని, అనేక ప్రాసెస్‌లు పంచుకునే లైబ్రరీ పేజీలను ప్రతి ప్రాసెస్‌కూ మళ్లీ మళ్లీ కలుపుతుంది. ఆ పునరావృతిని సరిచేసి, పంచుకున్న పేజీలను వాటాలవారీగా పంచే అంకె పీఎస్‌ఎస్. పరిమితులు పెట్టి ప్రోగ్రాంలను విడివిడిగా నడిపే కంటెయినర్ల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. కంటెయినర్ మొత్తం వాడకంలో డిస్క్ ఫైళ్ల పేజ్ క్యాష్ కూడా కలిసి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ అవసరమైనప్పుడు దాన్ని వెంటనే ఖాళీ చేయగలదు. లాగ్ ఫైళ్లు ఎక్కువగా రాసే సేవలో ఈ అంకె పెరగడాన్ని చూసి లీక్ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. కంటెయినర్లను నిర్వహించే కుబెర్నెటీస్ చూపే వర్కింగ్ సెట్ అన్న అంకె చాలాకాలంగా వాడని ఫైల్ పేజీలను తీసివేశాక మిగిలేది కాబట్టి కొంత నయం, కానీ ఇటీవల తాకిన ఫైల్ పేజీలు అందులోనూ ఉంటాయి.

ప్రోగ్రాంకూ కెర్నల్‌కూ మధ్య అలోకేటర్ అనే పొర ఉంది. ప్రోగ్రాం విడుదల చేసిన మెమరీని అలోకేటర్ వెంటనే కెర్నల్‌కు తిరిగి ఇవ్వదు, మళ్లీ అడిగితే ఇవ్వడానికి తన దగ్గరే అట్టేపెట్టుకుంటుంది. లినక్స్‌లో సర్వసాధారణమైన జీలిబ్‌సీ అలోకేటర్ థ్రెడ్ల మధ్య పోటీని తగ్గించడానికి అరీనాలు అనే విడివిడి మెమరీ ప్రాంతాలను ఏర్పరుస్తుంది. 64 బిట్ యంత్రాల్లో వీటి సంఖ్య ప్రాసెసర్ కోర్ల సంఖ్యకు 8 రెట్ల వరకు పోవచ్చు. 32 కోర్ల యంత్రంలో అది 256 అరీనాలు. ఒక్కో అరీనాలో కొన్ని చోట్ల చిన్న బ్లాకులు ఇంకా వాడుకలో ఉంటే, చుట్టూ ఉన్న ఖాళీ మెమరీ కూడా తిరిగి వెళ్లకుండా చిక్కుకుపోతుంది. పీమ్యాప్ ఆదేశం ఇచ్చే జాబితాలో 64 మెగాబైట్ల దరిదాపుల్లో ఉన్న ముక్కలు వరసగా కనిపిస్తే అరీనాలను అనుమానించవచ్చు. అరీనాల గరిష్ఠ సంఖ్యను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా రెండుకో నాలుగుకో తగ్గించి చూడటం, లేదా జెమాలాక్ వంటి మరో అలోకేటర్‌తో అదే ప్రోగ్రాంను నడిపి చూడటం చవకైన పరీక్ష. అలా చేయగానే పెరుగుదల ఆగిపోతే, ప్రోగ్రాం కోడ్‌లో వెతకాల్సిన పని చాలావరకు తప్పినట్లే.

అంకె మారకపోవడం కూడా తప్పుదారి పట్టించగలదు. 2019లో వచ్చిన గో 1.12 వెర్షన్, వాడని పేజీలను కెర్నల్‌కు ఇచ్చేటప్పుడు అవసరమైతేనే తీసుకో అన్న అర్థం వచ్చే పద్ధతికి మారింది. యంత్రంలో మెమరీ కొరత లేనంతవరకు కెర్నల్ ఆ పేజీలను తీసుకోదు, ఆర్‌ఎస్‌ఎస్ తగ్గదు. లీక్ లేని సేవలకు కూడా లీక్ ఉన్నట్టు కనిపించి వాడుకరుల్లో అయోమయం పెరగడంతో, 2021లో వచ్చిన 1.16 వెర్షన్‌లో వెంటనే ఇచ్చేసే పాత పద్ధతికే తిరిగి వెళ్లారు.

గ్రాఫు ఆకారం చెప్పే సంగతులు

పొరను గుర్తించాక పెరుగుదల దేన్ని అనుసరిస్తోందో చూడాలి. గార్బేజ్ కలెక్టర్ ఉన్న ప్రోగ్రాంలో హీప్ గ్రాఫు రంపపు పళ్లలా ఉండటం సహజం. అక్కడ చూడాల్సింది పళ్ల కొనలను కాదు, పూర్తి సేకరణ జరిగిన వెంటనే మిగిలే అడుగు స్థాయిని. ఆ అడుగు గంటగంటకూ పైకి జరుగుతుంటే నిలిచిపోతున్న ఆబ్జెక్టులు ఉన్నాయి. కొనలు పెరిగినా అడుగు కదలకపోతే, కలెక్టర్ తొందరపడకుండా ఉందని మాత్రమే అర్థం. ప్రారంభంలో వేగంగా పెరిగి క్రమంగా సమతలానికి చేరే రేఖ క్యాష్‌లు నిండుతున్న దశను సూచిస్తుంది. ఒక్కసారిగా మెట్టులా పెరిగి అక్కడే నిలిచిపోతే, ఏదో ఒక పెద్ద రిక్వెస్ట్ అలోకేటర్‌ను సాగదీసి ఉంటుంది.

పెరుగుదలను రిక్వెస్టుల సంఖ్యతో భాగించి చూడటం అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే లెక్క. రద్దీ వేళ, నిశిరాత్రి వేళ కూడా రిక్వెస్ట్‌కు ఇన్ని బైట్లు అన్న నిష్పత్తి దాదాపు స్థిరంగా ఉంటే లీక్ రిక్వెస్ట్ దారిలో ఉంది. రిక్వెస్టులతో సంబంధం లేకుండా గంటకు ఇంత అని పెరుగుతుంటే టైమర్లు, నేపథ్య పనులు, గణాంకాలు పంపే భాగాల వైపు చూడాలి. విఫలమైన కనెక్షన్ల సంఖ్యతో కలిసి కదులుతుంటే పొరపాట్ల దారిని పరిశీలించాలి. ఈ పోలికకు కొత్త పనిముట్టేమీ అక్కర్లేదు, ఇప్పటికే సేకరిస్తున్న గణాంకాలే చాలు. అయినా ఈ మెట్టును దాటేసి నేరుగా హీప్ డంప్‌లోకి, అంటే హీప్ మొత్తాన్ని రాసిన ఫైల్‌లోకి, దూకడం పరిపాటిగా మారింది. గిగాబైట్ల కొద్దీ డంప్‌లో ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో తెలియకుండా తిరగడం వల్ల కాలం పోతుంది తప్ప ఆధారం దొరకదు.

స్నాప్‌షాట్ల పోలిక, దగ్గర నుంచి

ఒక క్షణంలో హీప్‌లో ఉన్నవాటి నకలును స్నాప్‌షాట్ అంటారు. ఒకే స్నాప్‌షాట్ చూస్తే మెమరీలో ఏది ఎక్కువ ఉందో తెలుస్తుంది, ఏది పెరుగుతోందో తెలియదు. అందుకు కనీసం రెండు కావాలి, మూడు ఉంటే నమ్మకం కుదురుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. వినియోగదారులకు ఎప్పటికప్పుడు సందేశాలు పంపే జావా సర్వర్‌కు ఏ సమయంలో చూసినా దాదాపు 4,000 కనెక్షన్లు ఉంటాయి. ప్రారంభమైన కొద్ది నిమిషాల తర్వాత ఒకటి, ఆపై ఆరేసి గంటల తేడాతో రెండు, మొత్తం మూడు స్నాప్‌షాట్లు తీశారు. తరగతులవారీ జాబితాలో పైన ఉండేవి ఎప్పటిలాగే బైట్ శ్రేణులు, స్ట్రింగులు. ఏ జావా ప్రోగ్రాంలోనైనా అవే పైన ఉంటాయి కాబట్టి వాటి వల్ల తెలిసేది తక్కువ. కొంచెం కిందికి వస్తే, ఈ ప్రోగ్రాంకే చెందిన కనెక్షన్ కాంటెక్స్ట్ అనే తరగతి ఆబ్జెక్టులు వరసగా 4,100, 16,300, 28,700 ఉన్నాయి. బతికి ఉన్న కనెక్షన్లు 4,000 మాత్రమే. అంటే ఆరు గంటలకు సుమారు 12,000, గంటకు 2,000 చొప్పున చచ్చిన కనెక్షన్ల ఆనవాళ్లు మిగిలిపోతున్నాయి. లాగుల్లో టైమవుట్ అయి తెగిపోయిన కనెక్షన్లను లెక్కపెడితే అవీ గంటకు దాదాపు రెండు వేలే.

ఆ ఆబ్జెక్టు సొంత పరిమాణం 64 బైట్లే, అందుకే పరిమాణాలవారీ జాబితాలో అది పైకి రాలేదు. కానీ ఒక్కోటి 16 కిలోబైట్ల రీడ్ బఫర్‌ను, మరికొన్ని చిన్న ఆబ్జెక్టులను పట్టుకుని ఉంది. అది పోతే దానితో పాటు విడుదలయ్యే మొత్తం సుమారు 18 కిలోబైట్లు. ఎక్లిప్స్ మెమరీ అనలైజర్ వంటి ఉపకరణాలు షాలో (ఆబ్జెక్టు సొంతది), రిటెయిన్డ్ (అది పోతే విడుదలయ్యే మొత్తం) అన్న రెండు పరిమాణాలను విడిగా చూపడానికి కారణం ఇదే. అదనంగా ఉన్న 24,700 ఆబ్జెక్టులకు లెక్క కడితే 440 మెగాబైట్ల దాకా వస్తుంది, గమనించిన పెరుగుదలకు అది సరిపోతుంది. లెక్క సరిపోవడం ముఖ్యం. దొరికిన లీక్ మొత్తం పెరుగుదలలో పదో వంతునే వివరిస్తుంటే అసలైనది ఇంకా దొరకలేదన్నమాట.

ఇక మిగిలింది పట్టుకున్నది ఎవరన్న ప్రశ్న. అదనపు ఆబ్జెక్టుల్లో ఒకదాన్ని తీసుకుని గార్బేజ్ కలెక్టర్ మూలాల దాకా రిఫరెన్సుల దారిని అడిగితే, ఒక స్టాటిక్ ఫీల్డ్ నుంచి హ్యాష్ మ్యాప్, అందులోంచి లిజనర్, దాని నుంచి కనెక్షన్ కాంటెక్స్ట్, అక్కడి నుంచి బఫర్ అని గొలుసు బయటపడుతుంది. కోడ్‌లో చూస్తే వినియోగదారు స్వయంగా కనెక్షన్ మూసినప్పుడు మ్యాప్ నుంచి లిజనర్‌ను తొలగించే వరుస ఉంది. టైమవుట్ దారి దాన్ని పిలవడం లేదు. తొలగింపును రెండు దారులూ తప్పనిసరిగా దాటే ఫైనల్లీ బ్లాకులోకి మార్చడంతో లోపం తీరిపోతుంది.

అనుమానం ఫలానా రిక్వెస్ట్ మీద ఉన్నప్పుడు పరీక్షా వాతావరణంలో దాన్ని సరిగ్గా 997 వంటి ప్రధాన సంఖ్యలో పంపి, ఆ తర్వాతి స్నాప్‌షాట్‌లో 997గా గాని, దాని గుణిజాలుగా గాని పెరిగిన తరగతుల కోసం చూడటం అనుభవజ్ఞులు వాడే ఉపాయం. గుండ్రటి సంఖ్యలు యాదృచ్ఛికంగా తగలవచ్చు, 997 అలా తగలడం అరుదు.

డంప్ తీయడానికి మూల్యం ఉంది. తీస్తున్నంత సేపు జావా ప్రోగ్రాం స్తంభించిపోతుంది, పెద్ద హీప్‌లకు అది నిమిషాల దాకా పోవచ్చు. అందుకే ముందుగా ఆ యంత్రానికి రిక్వెస్టులు రాకుండా, వాటిని యంత్రాలకు పంచే లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పిస్తారు. డంప్ ఫైల్‌లో పాస్‌వర్డులు, టోకెన్లు, వినియోగదారుల సమాచారం ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి కాబట్టి, దాన్ని డేటాబేస్ ప్రతికి ఇచ్చినంత భద్రతతోనే దాచాలి, పని ముగిశాక తొలగించాలి. ఈ విషయంలో అలసత్వం లీక్ కన్నా పెద్ద నష్టం తెచ్చిపెట్టగలదు.

హీప్ బయట జరిగే పెరుగుదల

జావా హీప్ నిలకడగా ఉండి ప్రాసెస్ మాత్రం పెరుగుతుంటే హీప్ డంప్ ఎన్ని తీసినా ఉపయోగం లేదు. డైరెక్ట్ బఫర్లు, థ్రెడ్ల స్టాకులు, తరగతుల వివరాలు ఉండే మెటాస్పేస్, సీ వంటి భాషల్లో రాసిన నేటివ్ లైబ్రరీల కేటాయింపులు అన్నీ హీప్ వెలుపలివే. జావాలోని నేటివ్ మెమరీ ట్రాకింగ్ సదుపాయం వర్చువల్ మెషీన్ తనకోసం చేసిన కేటాయింపులను విభాగాలవారీగా చూపి, రెండు సమయాల మధ్య తేడాను కూడా ఇస్తుంది. బయటి నేటివ్ లైబ్రరీలు సొంతంగా తీసుకున్న మెమరీ మాత్రం దాని లెక్కకు రాదు. ట్రాకింగ్ మొత్తానికీ ఆర్‌ఎస్‌ఎస్‌కూ మధ్య అగాధం పెరుగుతుంటే అనుమానం ఆ లైబ్రరీల మీదికీ, అలోకేటర్ మీదికీ మళ్లాలి.

నేటివ్ కోడ్‌కు వాల్‌గ్రైండ్ పాత ఆయుధం, కచ్చితమైనది. అయితే దాని కింద ప్రోగ్రాం 10 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి అసలు రద్దీని మోసే సర్వర్‌లో దాన్ని వాడటం అసాధ్యం. అడ్రస్‌శానిటైజర్‌తో ప్రోగ్రాం వేగం సాధారణంగా సగానికి తగ్గుతుంది, పరీక్షా వాతావరణానికి అది సరిపోతుంది. అసలు సర్వర్లలో పనికొచ్చేవి నమూనాలు తీసే ప్రొఫైలర్లు. ప్రతి కేటాయింపునూ నమోదు చేయకుండా, సగటున ఇన్ని బైట్లకు ఒకటి చొప్పున మాత్రమే కాల్ స్టాక్‌ను, అంటే ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచిన క్రమాన్ని, రాసుకుని మొత్తాన్ని అంచనా వేస్తాయి. గో భాషలో ఆ సగటు డిఫాల్ట్‌గా 512 కిలోబైట్లు. జెమాలాక్‌లోనూ ఈ తరహా ప్రొఫైలింగ్ ఉంది. అరుదైన చిన్న కేటాయింపులు నమూనాల్లో తప్పిపోవచ్చు గాని, లీక్ అన్నది స్వభావరీత్యా పదే పదే జరిగేది కాబట్టి కాలం గడిచేకొద్దీ తప్పక దొరుకుతుంది. నిరంతర సేవలకు ఈ పద్ధతే ఎక్కువ తగినదని చెప్పవచ్చు. పైథాన్‌లో 2014లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి ట్రేస్‌మాలాక్ మాడ్యూల్ ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. అది ఫైల్, వరుస వివరాలతో రెండు స్నాప్‌షాట్ల తేడా చూపుతుంది గాని, సీ విస్తరణలు నేరుగా తీసుకున్న మెమరీని చూడలేదు.

గో సేవల్లో హీప్ కన్నా ముందు, సమాంతరంగా నడిచే తేలికపాటి పనులైన గోరూటీన్ల సంఖ్యను చూడటం మేలు. ఎవరూ అందుకోని ఛానల్‌లోకి విలువ పంపబోయి ఆగిపోయిన గోరూటీన్ ఎప్పటికీ ముగియదు, దాన్ని కలెక్టర్ తీసివేయదు. ఒక్కో గోరూటీన్ స్టాక్ 2 కిలోబైట్లతో మొదలైనా, అది పట్టుకున్న రిక్వెస్ట్ సమాచారం అంతకన్నా ఎంతో పెద్దదిగా ఉంటుంది.

చివరి దశ, పునఃప్రారంభం

లీక్ ముదిరినప్పుడు మొదట దెబ్బతినేది వేగం. బతికున్న ఆబ్జెక్టులు హీప్ పరిమితికి చేరువయ్యే కొద్దీ కలెక్టర్ మరింత తరచుగా నడిచి, ప్రతిసారీ తక్కువ మెమరీని రాబడుతుంది. ప్రాసెసర్ వాడకం పెరిగి జవాబులు ఆలస్యమవుతుంటే, పరిశీలించేవారు దాన్ని రద్దీ సమస్యగా పొరబడి యంత్రాల సంఖ్య పెంచుతారు. దానితో రిక్వెస్టులు పంచుకోబడి లీక్ నెమ్మదిస్తుంది, కానీ ఆగదు.

ఆపై వచ్చే మరణం రెండు రకాలు. జావా హీప్ నిండితే అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ వస్తుంది. ఆ సమయంలో తనంతట తానే డంప్ రాసే ఐచ్ఛికం ముందుగా పెట్టి ఉంటే ఆధారం దక్కుతుంది. కంటెయినర్ పరిమితి ముందుగా నిండితే మాత్రం కెర్నల్ ప్రాసెస్‌ను సిగ్నల్ 9తో చంపుతుంది. ప్రోగ్రాంకు చివరి మాట చెప్పుకునే అవకాశం కూడా ఉండదు, మిగిలేది 137 అన్న ఎగ్జిట్ కోడ్, కెర్నల్ లాగ్‌లో రెండు మూడు వరుసలు. హీప్ గరిష్ఠాన్ని కంటెయినర్ పరిమితికి సమానంగా పెట్టే చోట్ల సరిగ్గా ఇదే జరుగుతుంది, ఎందుకంటే హీప్ బయటి మెమరీకి చోటు మిగల్చలేదు. డంప్ ఐచ్ఛికం పెట్టినా డంప్ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో జవాబు ఈ అమరికే.

నిర్ణీత సంఖ్యలో రిక్వెస్టులు ముగిశాక వర్కర్ ప్రాసెస్‌ను (రిక్వెస్టుల పని చేసేదాన్ని) మార్చేసే సదుపాయం అపాచీ, గునికార్న్, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లలో ఎప్పటి నుంచో ఉంది. లీక్ ఉన్న లైబ్రరీ తమ చేతుల్లో లేనప్పుడు అది సహేతుకమైన ఏర్పాటే. అయితే పునఃప్రారంభంతో క్యాష్‌లు ఖాళీ అవుతాయి, కొనసాగుతున్న కనెక్షన్లు తెగుతాయి, ముఖ్యంగా అప్పటిదాకా పోగైన ఆధారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. వరుసలో ఉన్న అన్ని ప్రాసెస్‌లూ ఒకేసారి మొదలై ఉంటే ఒకేసారి పరిమితికి చేరి ఒకేసారి మారే ప్రమాదమూ ఉంది. అందుకే గునికార్న్ వంటివి ఆ సంఖ్యకు కొంత యాదృచ్ఛిక తేడా కలిపే వీలు కల్పిస్తాయి. పునఃప్రారంభించక తప్పనప్పుడు కూడా ఉబ్బిన ప్రాసెస్‌లలో ఒకదాన్ని రద్దీ నుంచి తప్పించి, పరిశోధనకు బతికి ఉంచడం వల్ల రోజుల తరబడి ఎదురుచూపు తగ్గుతుంది.

సవరణ తర్వాత

సవరణ నిజంగా పనిచేసిందని తేలడానికి మెమరీ తగ్గిందన్న పరిశీలన చాలదు. కొత్త వెర్షన్ కొత్తగా మొదలైంది కాబట్టి ఎలాగూ తక్కువతోనే ఉంటుంది. పాత, కొత్త వెర్షన్లను పక్కపక్కన ఒకే రద్దీ కింద నడిపి, రిక్వెస్ట్‌కు ఇన్ని బైట్లు అన్న వాలును రెండింటికీ పోల్చాలి. పాతది పెరుగుతూ, కొత్తది అడుగు స్థాయిలో నిలకడగా ఉంటేనే సవరణ రుజువైనట్టు. పాతదీ పెరగకపోతే లీక్‌ను మేల్కొలిపే పరిస్థితి ఆ పరీక్షలో ఏర్పడలేదన్నమాట. పైన చూసిన ఉదాహరణలోనైతే టైమవుట్లను కావాలని కలిగించాలి.

దీంతో పాటు దీర్ఘకాలం జీవించే ప్రతి మ్యాప్, క్యాష్, క్యూ, లిజనర్ల పట్టికలోని అంశాల సంఖ్యను గణాంకంగా బయటికి పంపే ఏర్పాటు చేసుకుంటే, తర్వాతి లీక్‌ను మెమరీ గ్రాఫు కన్నా ఎంతో ముందుగా ఆ అంకెలే పట్టిస్తాయి. నాలుగు వేల కనెక్షన్లున్న సర్వర్‌లో లిజనర్ల పట్టిక ఆరు వేలకు చేరిందన్న హెచ్చరిక మొదటి గంటలోనే వస్తుంది. అప్పటికి మెమరీలో తేడా 36 మెగాబైట్లు కూడా దాటి ఉండదు.